ప్లేటు తామరాకులా ఉండకూడదు

ప్రశ్న: నేను డిప్లొమా చదువుతున్నాను. నీటి నుంచి హైడ్రోజన్ తీసే చిన్న సెల్ ఇంట్లోనే చేద్దామని పాత స్టీలు డబ్బా మూత కత్తిరించి రెండు ప్లేట్లు చేశాను. ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లు పోసి, నాలుగు చెంచాల ఉప్పు కలిపి, 12 వోల్టుల బ్యాటరీ చార్జర్‌కి కనెక్షన్ ఇచ్చాను. మొదటి పది నిమిషాలు బుడగలు జోరుగా వచ్చాయి. తర్వాత నీళ్లు ముందు పసుపుగా మారి, ఆపైన ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగుకు తిరిగాయి. అడుగున మడ్డి దిగింది. ఒక ప్లేటు అంచు ఎలుక కొరికినట్టు అయింది. బ్లీచింగ్ పౌడర్ వాసన కూడా వచ్చింది. ప్లేట్లను ముందు యాసిడ్‌తో కడగాలని ఒకరు, అద్దంలా పాలిష్ చేయాలని ఇంకొకరు, గరుకు కాగితంతో రుద్దాలని మరొకరు అంటున్నారు. ఎవరి మాట వినాలి? ప్లేట్లను సరిగ్గా ఎలా తయారు చేసుకోవాలి? బాగా పనిచేస్తే నాన్నగారి బండికి పెడదామని కూడా ఉంది. మైలేజీ పెరుగుతుందా? – ఒక పాఠకుడు

సమాధానం:

ఆ ముగ్గురిలో గరుకు కాగితం అన్నాయన మాట వినండి. అయితే దానికంటే ముందు ఆ డబ్బాలో నీళ్ల సంగతి చూడాలి. అవి ఇంకా అలాగే ఉంటే కిటికీలు తెరిచి, చేతులకు గ్లౌజులు వేసుకుని, మడ్డితో సహా ఒక ప్లాస్టిక్ సీసాలోకి వంపండి. సింకులో పారబోయకండి, మొక్కల మొదట్లో అసలే పోయకండి. సీసాను ఒక రోజు ఆరుబయట మూత వదులుగా ఉంచి, తర్వాత బిగించండి. మీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో రసాయన వ్యర్థాలను పారేసే పద్ధతి ఏదో ఒకటి ఉంటుంది, వాళ్లకి అప్పగించండి. సీసా మీద "క్రోమియం ఉంది" అని రాయడం మరవకండి.

ఇంత హడావిడి ఎందుకంటే, మీరు కలిపింది ఉప్పు. ఉప్పులోని క్లోరైడు పాజిటివ్ ప్లేటు దగ్గరికి చేరి కొంత క్లోరిన్ గ్యాసుగా బయటికొస్తుంది, కొంత నీటిలోనే హైపోక్లోరైట్‌గా మిగులుతుంది. మీకు వచ్చిన బ్లీచింగ్ వాసన అదే. రెండో పని ఇంకా పాడుది. స్టెయిన్‌లెస్ స్టీలును తుప్పు నుంచి కాపాడేది దాని ఒంటి మీద కంటికి కనిపించనంత పల్చగా ఉండే క్రోమియం ఆక్సైడ్ పొర. క్లోరైడు ఆ పొరకు అక్కడక్కడా చిల్లు పెడుతుంది. చిల్లు పడ్డ చోట కరెంటు లోపలి లోహాన్ని తినేస్తుంది. ఎలుక కొరికినట్టు అయిందన్నారే, ఆ కొరుకుడు ఇదే. కరిగిపోయిన ఇనుము గోధుమ రంగు మడ్డి అయింది, నికెల్ ఆకుపచ్చ కలిపింది, మొదట కనిపించిన పసుపులో క్రోమియం వాటా ఉంది. ఆ పసుపు క్రోమియం, అంటే హెక్సావేలెంట్ రూపం, క్యాన్సర్ కారకం. చేతికి అంటితే సబ్బుతో బాగా కడుక్కోండి. ఒక్కసారికే కొంప మునిగిందని టెన్షన్ పడక్కర్లేదు, కానీ ఇంకోసారి మాత్రం ఉప్పు వద్దు.

కాబట్టి మీ ప్లేట్లు పాడైంది తయారీ సరిగ్గా లేక కాదు. ఎంత బాగా తయారుచేసిన ప్లేటైనా ఉప్పునీళ్లలో పాజిటివ్ వైపు నిలబడదు. ఉప్పుకు బదులు క్షారం వాడాలి. మొదటిసారి చేసేవాళ్లకు వాషింగ్ సోడా నయం. లీటరు డిస్టిల్డ్ వాటర్‌కి రెండు మూడు చెంచాలు చాలు. కరెంటు తక్కువే పారుతుంది గానీ, పొరపాటున చేతిమీద పడితే చర్మం ఊడిరాదు. కాస్టిక్ పొటాష్ (పొటాషియం హైడ్రాక్సైడ్) అయితే కరెంటు ఇంకా బాగా పారుతుంది. పరిశ్రమల్లో దాన్ని 25–30 శాతం దాకా వాడతారు, మీకు ఆ గాఢత అవసరం లేదు. కొన్ని శాతంతో మొదలుపెట్టండి. కళ్లద్దాలు, గ్లౌజులు లేకుండా డబ్బా మూత కూడా తీయొద్దు. నీళ్లలోకే కాస్టిక్‌ను కొంచెం కొంచెంగా వేయాలి, కాస్టిక్ మీద నీళ్లు పోయకూడదు. పోస్తే భగ్గున వేడెక్కి మొహం మీదికి చిమ్ముతుంది. కంట్లో పడితే కనీసం పదిహేను నిమిషాలు ఆగకుండా నీళ్లతో కడుగుతూ ఉండి, అటునుంచి అటే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. కొళాయి నీళ్లు కూడా వద్దు. వాటిలో కాల్షియం, మెగ్నీషియం క్షారం తగలగానే తెల్లటి సున్నంలా దిగి ప్లేట్ల మీద పట్టేస్తాయి.

ఇక లోహం సంగతి. డబ్బా మూతలకు వాడే స్టీలు ఏ రకమో చెప్పలేం. అయస్కాంతం అంటకపోతే మంచి స్టీలని చాలామంది నమ్మకం. అయస్కాంతం అంటుకుంటే అది నికెల్ లేని 430 నంబరు లాంటి రకం కావచ్చు, నిజమే. కానీ నికెల్ తగ్గించి మాంగనీస్ పెంచిన 200 సిరీస్ స్టీలుకి కూడా అయస్కాంతం అంటదు. వంటసామాన్లలో ఆ రకం బాగా వాడతారు. మరోపక్క మంచి 304 రేకును కత్తిరిస్తే, ఒత్తిడి పడిన అంచు దగ్గర అయస్కాంతం కొంచెం లాగుతుంది. అందుకని అయస్కాంతాన్ని నమ్ముకోకుండా 316ఎల్ అని రాసి ఉన్న రేకు కొనండి. అందులో క్రోమియం 16–18 శాతం, నికెల్ 10–14 శాతం, వాటితో పాటు 2–3 శాతం మాలిబ్డినం ఉంటుంది. అది దొరక్కపోతే 304 తీసుకోండి. నికెల్ రేకు దొరికితే పాజిటివ్ ప్లేటుకి దాన్ని మించింది లేదు. క్షారంలో నికెల్ చాలాకాలం నిలుస్తుంది, పరిశ్రమల్లో వాడేదీ అదే. గాల్వనైజ్డ్ రేకు, అల్యూమినియం, రాగి వీటి జోలికి పోవద్దు. గాల్వనైజ్డ్ రేకు మీది జింకు కరిగిపోతుంది. కాస్టిక్‌లో అల్యూమినియం అయితే కరెంటు ఇవ్వకుండానే నురగలు కక్కుతూ కరుగుతుంది. రాగి పాజిటివ్ వైపు కరిగి నెగటివ్ ప్లేటు మీద ఎర్రగా పేరుకుంటుంది.

రేకు మందం ఒక మిల్లీమీటరు ఉంటే వంగకుండా నిలుస్తుంది. కత్తిరించడానికి గ్రైండర్ వాడకండి. రవ్వలు లేచే చోట స్టీలు వేడెక్కి నీలం, పసుపు మచ్చలు పడతాయి. ఆ రంగు మచ్చల కింద క్రోమియం తగ్గిపోయి ఉంటుంది, తుప్పు మొదలయ్యేది అక్కడే. పైగా అంతకుముందు ఆ గ్రైండర్ చక్రంతో మామూలు ఇనుము కోసి ఉంటే ఆ పొడి కూడా అంటుకుంటుంది. కత్తెరలా కోసే షీరింగ్ మిషన్ ఉన్నచోట ఇచ్చి కోయించుకోవడం మేలు. ప్లేట్లన్నీ ఒకేసారి ఒకే కొలతకు వస్తాయి. కరెంటు కనెక్షన్ కోసం ఒక మూల చిన్న చెవిలా రేకు వదిలి కోయమనండి. కోశాక అంచుల్లో మిగిలే ముళ్లను ఆకురాయితో తీసేయాలి. ముల్లు ఒక్కటి మిగిలినా కరెంటంతా దాని దగ్గరే గుమిగూడుతుంది, ప్లేట్ల మధ్య 2–3 మిల్లీమీటర్ల సందులో అది అవతలి ప్లేటుకి తగిలినా ఆశ్చర్యం లేదు. వేలితో తడిమి చూడకండి, తెగుతుంది. పాత గుడ్డముక్క అంచు వెంట లాగితే ముల్లున్న చోట పోగు పట్టుకుంటుంది.

చిన్న పనే కానీ అప్పుడే చేయాల్సిందొకటి: ప్రతి ప్లేటు పై మూల ఒక చిన్న గాటు పెట్టండి. ఏ ముఖం పాజిటివ్ వైపు, ఏ ముఖం నెగటివ్ వైపు ఉండేదో తర్వాత తెలియడానికి. మార్కరుతో రాస్తే క్షారంలో చెరిగిపోతుంది, జిడ్డు కూడా.

ఇప్పుడు రుద్దడం. కొత్త రేకు మీద ప్లాస్టిక్ కవరు ఉంటే పీకేయండి. కింద మిగిలే జిగురును అసిటోన్‌లో ముంచిన గుడ్డతో తుడవాలి. జిగురు మీద గరుకు కాగితం వేస్తే జిగురు గీతల్లోకి దూరుతుంది, తర్వాత ఎంత కడిగినా పోదు. అసిటోన్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది, దగ్గర్లో స్టవ్వు గానీ స్విచ్చులు గానీ లేనిచోట ఈ పని చూసుకోండి.

నల్లగా ఉండే వాటర్ పేపర్, 100 నంబరుది తీసుకోండి. నంబరు తగ్గేకొద్దీ గరుకు ఎక్కువ. 80 నుంచి 150 లోపు ఏదైనా పనికొస్తుంది. కాగితం కొత్తది కావాలి. గేటుకో, పాత కుర్చీకో వాడిన ముక్క తీసుకోకండి. ప్లేటును చదునైన చెక్క మీద, కింద తడిగుడ్డ వేసి పెట్టండి, జారకుండా ఉంటుంది. కాగితాన్ని చిన్న చెక్కముక్కకు చుట్టి, తడిపి, ఒక మూల నుంచి ఎదురు మూలకి ఐమూలగా రుద్దండి. తడిగా రుద్దితే దుమ్ము లేవదు. స్టీలు దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఒక ముప్ఫై నలభై సార్లు ఒకే దిశలో పోయాక ప్లేటును కడిగి, ఇంకో ఐమూల దిశలో అంతే రుద్దండి. మొదట పైనున్న మెరుపు పోతుంది, తర్వాత ప్లేటు బూడిద రంగుకు తిరుగుతుంది. వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని చూస్తే సన్నటి వలలా అడ్డగీతలు కనిపించాలి. మధ్యలో ఎక్కడన్నా అద్దంలాంటి మచ్చ మిగిలితే అక్కడ కాగితం తగల్లేదన్నమాట. రెండు ముఖాలూ అలాగే చేయాలి.

ఈ గీతల గురించి గొప్పలు చాలా వింటారు, వైశాల్యం ఎన్నో రెట్లు పెరుగుతుందని కూడా చెబుతారు. నేను అంత దూరం వెళ్లను. వైశాల్యం కొంత పెరుగుతుంది, బుడగ పుట్టడానికి చోట్లు పెరుగుతాయి, చిన్న బుడగ పెద్దది కాకముందే ఊడి పైకి పోతుంది. నున్నటి ప్లేటు మీద బుడగలు అతుక్కుని ఉంటాయి, బుడగ అతుక్కున్నంతసేపు ఆ చోట కరెంటు పారదు. ఇంతవరకు నిజం. కానీ రుద్దడంలో అసలు లాభం వేరే ఉంది: ఫ్యాక్టరీలో రోలర్ల కింద నలిగిన పై పొర, నూనె, పాలిష్ మైనం అన్నీ దాంతో పోతాయి. అద్దంలా పాలిష్ చేయమన్న స్నేహితుడికి ఇదే చెప్పండి. పాలిష్ అంటే మైనం పూసి రుద్దడం. మనం వదిలించుకోవాలని చూసేదే ఆ మైనం.

ఇనుప తీగల బ్రష్ మాత్రం వాడకండి. మొదట్లో నేనూ ఓపిక లేక ఆ పని చేశాను. డ్రిల్లుకు తీగల బ్రష్ తగిలించి పది నిమిషాల్లో ఏడు ప్లేట్లు తెల్లగా మెరిసేలా చేసి, కడిగి, రాత్రంతా పళ్లెంలో ఆరబెట్టాను. పొద్దున్నే చూస్తే ప్లేట్ల నిండా పసుపు నీళ్లు చిలకరించినట్టు నారింజ రంగు చుక్కలు. స్టీలు మోసం చేసిందని రేకు అమ్మినవాడిని తిట్టుకున్నాను. తీరా చూస్తే తుప్పు స్టీలుది కాదు, బ్రష్ తీగల నుంచి ఊడి స్టీలులోకి నాటుకుపోయిన ఇనుముది. మళ్లీ అన్నీ కాగితంతో రుద్దుకోవాల్సి వచ్చింది. ఆ పది నిమిషాల తెలివికి ఒక సెలవురోజు పోయింది.

రుద్దాక జిడ్డు వదిలించాలి. గిన్నెలు తోమే లిక్విడ్, గోరువెచ్చని నీళ్లు, కొత్త టూత్‌బ్రష్. గీతల వెంట రెండు దిక్కులా తోమండి. చేతులు మెత్తబడడానికి క్రీము కలిపిన హ్యాండ్‌వాష్ వద్దు. బాగా కడిగాక ఇక అక్కడి నుంచి నైట్రైల్ గ్లౌజులతో, అంచులు మాత్రమే పట్టుకోవాలి.

ప్లేటు సిద్ధమైందో లేదో కంటితో చెప్పలేం. చెప్పాల్సింది నీళ్లే. ప్లేటును నిటారుగా పట్టుకుని పైనుంచి శుభ్రమైన నీళ్లు పోయండి. పోయడం ఆపి, అర నిమిషం కదలకుండా చూడండి. ప్లేటు నిండా నీరు ఒకే పొరలా, తడి గాజులా నిలిచి మెల్లగా కిందికి జారితే జిడ్డు లేనట్టు. ఎక్కడన్నా పొర విడిపోయి నీళ్లు చుక్కలుగా ముడుచుకుంటే, తామరాకు మీద నీటిబొట్టులా అయితే, అక్కడ ఇంకా జిడ్డుంది. లోహాలకు పూత వేసేవాళ్లంతా వాడే పరీక్ష ఇది. ఎంత సున్నితమైనదో తెలియాలంటే, బాగా వచ్చిన ప్లేటు మీద కావాలనే గ్లౌజు తీసి బొటనవేలు ఒకసారి ఆనించండి. మళ్లీ నీళ్లు పోస్తే సరిగ్గా వేలు తగిలిన చోట పొడి మచ్చ ఏర్పడి, నీళ్లు దాని పక్కనుంచి తప్పుకుని పోతాయి. సెల్‌లోనూ అంతే. నీళ్లు అంటని చోట కరెంటు పారదు, మిగతా చోట ఎక్కువ పారుతుంది. ఆ వేలిముద్ర ప్లేటును మళ్లీ సబ్బుతో తోమడం మరవకండి.

పరీక్ష నెగ్గిన ప్లేటును డిస్టిల్డ్ వాటర్‌తో ఆఖరుసారి కడిగి, గుడ్డతో తుడవకుండా, అంచు మీద నిలబెట్టి ఆరబెట్టండి. అదే రోజు బిగించేస్తే మంచిది. గాలి తగలగానే మళ్లీ క్రోమియం పొర ఏర్పడిపోతుంది కదా, రుద్ది ఏం లాభం అని మీకు అనుమానం రావచ్చు. ఏర్పడనివ్వండి. అది మన శత్రువు కాదు, ప్లేటును కాపాడేదే అది. మనకు పడనిది దుమ్ము, వంటింటి నూనె ఆవిరి.

యాసిడ్ సంగతి అడిగారు. ఇళ్లలో దొరికే యాసిడ్ అంటే బాత్రూం కడిగేదే కదా, అది చాలావరకు హైడ్రోక్లోరిక్ యాసిడ్. మళ్లీ క్లోరైడే. ఉప్పు చేసిన పనే ఇది ఇంకా తొందరగా చేస్తుంది. అందులోనూ మీ ప్లేట్ల మీద హైపోక్లోరైట్ మిగిలి ఉన్నప్పుడు ఆ యాసిడ్ పోస్తే గదినిండా క్లోరిన్ లేస్తుంది. ఆ సలహా ఇచ్చిన మనిషి మంచికే చెప్పి ఉంటాడు గానీ వినకండి. ఫ్యాక్టరీల్లో స్టీలుకు నైట్రిక్, హైడ్రోఫ్లోరిక్ యాసిడ్లు కలిపి వాడే పద్ధతి ఒకటుంది. ఇంట్లో దాని పేరు కూడా తలవకూడదు. ఇనుము మచ్చలున్నాయని అనుమానమైతే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్, లీటరుకు 50–100 గ్రాములు వేసిన గోరువెచ్చని నీళ్లలో గంటో రెండు గంటలో నానబెట్టి కడగండి. పైపైన అంటిన ఇనుము వదిలిపోతుంది. పేరులో ఉప్పు ఉందని భయపడకండి, అందులో క్లోరైడు లేదు.

బిగించేటప్పుడు నట్లు, బోల్టులు, వాషర్లు కూడా స్టెయిన్‌లెస్‌వే కావాలి. ప్లేటు చెవి నీటిమట్టానికి పైన ఉండాలి, రాగి వైరు అక్కడే ఆగాలి. డబ్బాకి పాలిప్రొపిలీన్ లేదా హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ మంచిది. పాలికార్బొనేట్‌ను కాస్టిక్ తినేస్తుంది, యాక్రిలిక్‌కు బీటలు వచ్చే ప్రమాదం ఉంది.

మీ సెల్‌లో ఇంకో తప్పు కూడా ఉంది. రెండే ప్లేట్లకు 12 వోల్టులు ఇచ్చారు. నీటిని విడగొట్టడానికి సిద్ధాంతం ప్రకారం 1.23 వోల్టులు చాలు, వాడుకలో ఒక్కో జతకు 2 వోల్టుల చుట్టుపక్కల పడుతుంది. మిగిలిన పది వోల్టులూ నీళ్లు కాగబెట్టడానికే పోయాయి. పైగా వోల్టేజీ అంత ఎక్కువైతే క్షారంలో కూడా పాజిటివ్ ప్లేటు నుంచి క్రోమియం ఊడడం మొదలవుతుంది. ఏడు ప్లేట్లు వరుసగా నిలబెట్టి, చివరి రెండింటికే వైర్లు ఇస్తే ఆరు సందులూ తలా 2 వోల్టులు పంచుకుంటాయి. మధ్య ప్లేట్లకు కనెక్షన్ ఉండదు. ఒక ముఖం పాజిటివ్‌గా, ఇంకో ముఖం నెగటివ్‌గా పనిచేస్తుంది. రెండు ముఖాలూ రుద్దమన్నది ఇందుకే. సందుల మధ్య రబ్బరు గ్యాస్కెట్లు వేసి, ఒక సందులోని నీళ్లు పక్క సందుతో వీలైనంత తక్కువ కలిసేలా చూడాలి. లేకపోతే కరెంటు మధ్య ప్లేట్లను వదిలేసి అంచుల చుట్టూ తిరిగిపోతుంది.

తయారీ బిగించడంతో అయిపోదు. కొత్త ప్లేట్లను కొన్నాళ్లు అలవాటు చేయాలి, కండిషనింగ్ అంటారు. ఒక ముఖం మీద ద్రవం తగిలే మేర 100 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. మామూలుగా 5–8 ఆంపియర్లు నడిపే సెల్‌ను మొదట 2 ఆంపియర్ల దగ్గర, పల్చటి ద్రావణంతో, రోజుకు రెండు మూడు గంటలు నడపండి. తొలిరోజు గోధుమరంగు నురగ వస్తుంది. గీతల్లో మిగిలిన పొడి, వదులుగా ఉన్న ఆక్సైడు ఊడొస్తున్నాయన్నమాట. ఆ ద్రావణాన్ని కూడా సింకులో పోయకుండా వేరే సీసాలోకి తీసి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, కొత్తది పోసి మళ్లీ నడపండి. మూడు నాలుగు విడతలకు నురగ తెల్లబడి ద్రావణం తేటగా ఉంటుంది. ఈలోగా పాజిటివ్ ముఖం మీద నికెల్, ఇనుము కలిసిన పల్చటి ముదురు పొర పడుతుంది. ఆక్సిజన్ తేలిగ్గా రావడానికి ఆ పొరే సాయపడుతుంది. దాన్ని మురికి అనుకుని మళ్లీ కాగితం పెట్టి రుద్దేవాళ్లున్నారు, మీరు ఆ పని చేయకండి. పాజిటివ్, నెగటివ్ వైర్లు తారుమారు కూడా చేయకండి, పొర చెదిరిపోతుంది. మీరు పెట్టిన గాటు ఉపయోగం ఇక్కడే. ద్రావణం నిమ్మపండు పసుపుకు తిరుగుతుంటే మాత్రం వెంటనే ఆపేయాలి. వోల్టేజీ గానీ కరెంటు గానీ ఎక్కువైంది, క్రోమియం వస్తోంది.

గ్యాసు గురించి ఒక్క మాటలో చెప్పలేను గానీ కుదించి చెబుతాను. ఒక సందులో 1 ఆంపియర్ గంటసేపు నడిస్తే గది వేడిమి దగ్గర సుమారు 0.68 లీటర్ల మిశ్రమ గ్యాసు వస్తుంది. ఆరు సందులు, 5 ఆంపియర్లు అంటే గంటకు 20 లీటర్ల పైమాటే. హైడ్రోజన్, ఆక్సిజన్ సరిగ్గా పేలడానికి కావాల్సిన పాళ్లలోనే కలిసి వస్తాయి. మామూలు గాలిలోనైతే హైడ్రోజన్ 4 నుంచి 75 శాతం దాకా ఎంత ఉన్నా అంటుకుంటుంది. ఒకసారి చార్జరు స్విచ్ తీయకుండా సెల్ దగ్గరి క్లిప్పు పీకాను. చిటుక్కుమని రవ్వ కనిపించింది, గ్యాసు చేరే సీసా మూత పైకప్పుకు తగిలి కిందపడేదాకా ఏమైందో అర్థం కాలేదు. సీసాలో ఉన్న గ్యాసు అర లీటరు కూడా లేదు, చెవుల్లో హోరు సాయంత్రం దాకా పోలేదు. సీసా ప్లాస్టిక్‌ది, అది గాజుదైతే ఈ జవాబు రాసే కన్ను ఉండేది కాదు. కరెంటు ఆపాల్సింది ఎప్పుడూ దూరంగా ఉన్న స్విచ్ దగ్గరే. ఆరుబయట నడపండి, గ్యాసు గొట్టాన్ని నీళ్లున్న ప్లాస్టిక్ సీసా గుండా పోనివ్వండి, ఆ సీసా మూత మరతో బిగించేది కాకుండా ఒత్తిడికి ఊడిపోయేది పెట్టండి. గ్యాసును దేంట్లోనూ నిలవ చేయకండి. కండిషనింగ్‌కి కూడా ఇవన్నీ వర్తిస్తాయి, నడుస్తున్న సెల్‌ను వదిలి భోజనానికి వెళ్లకండి.

బండికి వద్దు. మైలేజీ పెరగదు. ఆ కరెంటు ఇంజను తిరిగితేనే వస్తుంది, ఇంజను పెట్రోలు తాగితేనే తిరుగుతుంది. పెట్రోలులోని శక్తిలో ఓ పాతిక శాతం మాత్రమే పనికొస్తుంది. అందులోంచి కరెంటు చేయడంలో కొంత, నీటిని విడగొట్టడంలో కొంత పోయి, మిగిలింది మళ్లీ అదే ఇంజనులో కాలి ముప్పాతిక వేడిగా పోతుంది. పెట్టేదానికంటే వచ్చేది ఎప్పుడూ తక్కువే. ఇక నాన్నగారి కాళ్ల మధ్య పేలే గ్యాసు పెట్టడం గురించి వేరే చెప్పక్కర్లేదు.

ప్రాజెక్టు కోసమైతే ఎక్కువ గ్యాసు తీయాలన్న తాపత్రయం వదిలేసి, రెండు గ్యాసులను విడివిడిగా కొలిచి చూపించండి. చిన్న డబ్బా, రెండు ప్లేటు ముక్కలు, ఒక్కోదాని మీద బోర్లించిన, కొలత గీతలున్న గొట్టం, వాషింగ్ సోడా నీళ్లు. ఆంపియరులో పదో వంతు చాలు. ఇది మీ ప్లేటు పనితనానికి కూడా పరీక్ష. హైడ్రోజన్ రెండు వంతులకు ఆక్సిజన్ ఒక వంతు రావాలి. ప్లేటే ఆక్సిజన్‌ను తింటూ తుప్పు పడుతుంటే ఆక్సిజన్ గొట్టం వెలితిగా ఉంటుంది. 1800లో లండన్‌లో విలియం నికల్సన్, ఆంథొనీ కార్లైల్ తొలిసారి బ్యాటరీతో నీటిని విడగొట్టినప్పుడు వాళ్లకీ ఇదే ఎదురైంది. ఇత్తడి తీగలు పెడితే ఒకవైపు హైడ్రోజన్ వచ్చింది, రెండోవైపు గ్యాసు రాకుండా తీగ నల్లబడి తినేసుకుపోయింది. ప్లాటినం తీగలు పెట్టాకే రెండు వైపులా గ్యాసులు కనిపించాయి. మీ డబ్బా మూత చేసింది ఆ ఇత్తడి తీగ చేసిన పనే.

కొరుకుడు పడిన ఆ పాత ప్లేటును రుద్ది మళ్లీ వాడొచ్చా అనుకోకండి. గుంటల్లో క్లోరైడు దాగి ఉంటుంది, పారేయండి. కొత్త ప్లేట్లతో కండిషనింగ్‌కి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి రెండు గొట్టాల్లో కొలతలు రాసి పెట్టుకోండి. మొదటిసారి ఆక్సిజన్ కొంచెం తగ్గితే కంగారు పడొద్దు, కొంత నీటిలో కరుగుతుంది, కొంత కొత్త పొర కట్టుకోవడానికి పోతుంది. రెండోసారి కూడా బాగా తగ్గితే ఆ కొలతలు, ద్రావణం రంగు రాసి పంపండి, చూద్దాం.